చూడముచ్చటైన పనితనం ఏ సైటులో దొరుకుతుంది: పింటరెస్ట్ నుంచి మ్యూజియం దాకా

కాగితం చుట్టలు అంటించి చేసిన చిన్న పెట్టె ఫొటో ఒకటి ఫోన్‌లోకి వస్తుంది. పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం, నలుగురికీ చూపించాలనిపిస్తుంది. తీరా చూస్తే దాని కింద పేరు లేదు, కొలత లేదు, ఎప్పటిదో తెలియదు. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎంతుంటుంది, ఎలా చేశారు? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా ముందుకు పంపితే లోకంలో ఇంకో అనాథ బొమ్మ పెరుగుతుంది, అంతే. కళ, డిజైన్, చేతిపని వెతుక్కోవడానికి జనం వాడే సైట్లను ఈ నాలుగు ప్రశ్నల గీటురాయి మీద పెట్టి చూస్తే వరుస తలకిందులవుతుంది. అందరికీ ముందు గుర్తొచ్చేవి వెనక్కి పోతాయి. పెద్దగా ఎవరూ తెరవనివి ముందుకొస్తాయి.

పింటరెస్ట్: పోలికలకు మేటి, ఊరూపేరూ అడగొద్దు

2010లో వచ్చిన పింటరెస్ట్ నచ్చిన బొమ్మలు దాచుకునే సైటు, పోలిక పట్టడంలో దీనికి సాటి లేదు. పిన్ (అక్కడ దాచిన ఒక్కో బొమ్మ) తెరిచి, బొమ్మ మూలనున్న వెతుకులాట గుర్తు నొక్కితే ఒక చట్రం వస్తుంది. దాని అంచులు జరిపి, మొత్తం కుర్చీని వదిలేసి కాలూ అడ్డుపట్టీ కలిసే అతుకు ఒక్కదాన్నే లోపలికి తెస్తే, అలాంటి అతుకులున్న బల్లలు, పెట్టెలు, తలుపులు వరసగా వస్తాయి. పేరు తెలియని ఆకారాన్ని వెతకడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. చట్రం ఎంత చిన్నదైతే ఫలితం అంత పదును. మొత్తం బొమ్మ ఇస్తే గోడ రంగు, నేల మీది చాప కూడా లెక్కలోకి వచ్చి గదుల ఫొటోలు కుప్పలుగా పడతాయి.

నాలుగు ప్రశ్నల దగ్గరికొచ్చేసరికి చతికిలబడుతుంది. పిన్‌కున్న లింకు మనల్ని తీసుకెళ్లేది ఆ బొమ్మను పిన్ చేసినవారు చూసిన పేజీకి, వస్తువు చేసినవారి దగ్గరికి కాదు. ఆ పేజీ ఈపాటికి మూతపడి ఉండొచ్చు, లేదా అదీ ఇంకెక్కడినుంచో ఎత్తుకొచ్చిన బొమ్మల కుప్పే కావచ్చు. కింద రాసిన వివరణను కూడా పిన్ చేసినవారు ఊహించి రాసి ఉండొచ్చు. ‘చెక్కతో చేసినది’ అని ఉన్నది నిజానికి పింగాణీ అయిన సందర్భాలు కొల్లలు.

పైగా ఏఐ బొమ్మల వరద. 2025లో పింటరెస్ట్ ఇలాంటివాటికి ముద్ర వేయడం మొదలుపెట్టింది. కొన్ని విభాగాల్లో ఇవి తక్కువగా కనబడేలా సెట్టింగుల్లో ఒక మీట కూడా పెట్టింది. సిఫారసులు సరిచేసుకునే చోట ఉంటుంది. ముందు దాన్ని మార్చుకుని ఆ తర్వాతే వెతకడం మొదలెట్టండి. ముద్ర పడకుండా జారిపోయేవి ఎలాగూ ఉంటాయి, వాటి సంగతి కింద చెప్పుకుందాం.

బోర్డులో (పిన్‌లను గుంపుగా పెట్టుకునే చోటు) దాచుకునేటప్పుడు ఒక్క అలవాటు చాలు. వేరొకరి పిన్‌ను మళ్లీ దాచొద్దు. అసలు పేజీ దొరికాక ఆ పేజీ నుంచే పిన్ చేయండి. అప్పుడు మీ లింకైనా సరైన గడపకు చేరుతుంది.

బిహాన్స్: పనిముట్ల జాబితా చదవండి

2005లో మొదలై 2012లో అడోబీ చేతికి వెళ్లిన బిహాన్స్‌లో, చేసినవారే తమ పని పెట్టుకుంటారు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది. ప్రాజెక్టు పేజీ పొడవుగా, తొలి గీతల నుంచి తుది ఫొటో వరకు సాగితే ‘ఎలా’కు కూడా జవాబు దొరికినట్టే. పేజీ అడుగున లైసెన్సు గుర్తులుంటాయి. పేరు చెబితే చాలా, వ్యాపారానికి వాడొచ్చా, మార్చొచ్చా అన్నది వాటిలోనే తెలిసిపోతుంది. పంచుకునే ముందు అక్కడిదాకా కిందికి జరిపేవాళ్లు తక్కువ.

ఇక్కడ మోసపోయే చోటు వేరే. అద్భుతమైన దీపం కనబడుతుంది, వెలుగు గోడ మీద పడిన తీరు, ఇత్తడి మెరుపు అన్నీ నిజం ఫొటోలాగే ఉంటాయి. పక్కనున్న పనిముట్ల జాబితాలో బ్లెండర్, కీషాట్, సినిమా ఫోర్‌డి లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ల పేర్లు మాత్రమే ఉంటే ఆ దీపం ఇంకా పుట్టలేదని అర్థం. అది కంప్యూటర్‌లో గీసిన ఊహ. ఊహగా చూపించడంలో తప్పేమీ లేదు, డిజైన్ అంటే సగం అదే. కానీ దాన్ని ‘చేతిపని’ అని పంచుకుంటే మన పరువే పోతుంది. నిజంగా తయారైన వస్తువుకు కొన్ని ఆనవాళ్లు ఉంటాయి. ఒకే వస్తువు రెండు మూడు వేర్వేరు వెలుగుల్లో కనబడుతుంది, ఎక్కడో ఒక చోట మనిషి చెయ్యి ఉంటుంది, అడుగు భాగమో వెనక భాగమో చూపిస్తారు, దీపమైతే కరెంటు తీగ ఎటు వెళ్తుందో తెలుస్తుంది. చాలా ఊహాచిత్రాల్లో తీగ ఉండదు. ఇది భలే పనికొచ్చే గుర్తు.

ఆరీనా అనే చిన్న సైటు గురించి రెండు ముక్కలు. ఇష్టాల (లైకుల) లెక్క ఉండదు, ప్రకటనలు ఉండవు. బొమ్మ, లింకు, పీడీఎఫ్, రాత ఏదైనా ఒక ‘బ్లాకు’. బ్లాకుల్ని ‘ఛానెల్’లో పెట్టుకుంటారు. ఒకే బ్లాకు ఎన్నో ఛానెళ్లకు కలపొచ్చు. దీని రుచి అక్కడే ఉంది. మీకు నచ్చిన మడత కాగితం బొమ్మను ఇంకెవరు ఏ పేరున్న ఛానెల్‌లో పెట్టుకున్నారో చూస్తే, ఒకరికి అది ‘అంతరిక్ష నిర్మాణాలు’, ఇంకొకరికి ‘దుస్తులు’. అక్కడినుంచి దారులు చీలుతాయి. ఉచిత ఖాతాకు బ్లాకుల పరిమితి ఉంది, కాబట్టి చెత్త పోగెయ్యడానికి కాదు. ఇన్‌స్టాగ్రామ్ మంచి చేతులను కనిపెట్టడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి పనికిరాదు. వెతుకులాట బలహీనం, ఆరు నెలల కిందటి పోస్టు మళ్లీ దొరకాలంటే అదృష్టం ఉండాలి.

అసలు గనులు మ్యూజియం సైట్లే

కొత్తదనం కోసం పాత వస్తువుల దగ్గరికి వెళ్లడమేమిటనిపించవచ్చు. కానీ పెద్ద మ్యూజియం సైట్లలో ప్రతి వస్తువుకూ నాలుగు ప్రశ్నలకు జవాబులు గళ్లుగా కట్టి ఉంటాయి. చేసినవారు, కాలం, పదార్థం, కొలతలు, ఎక్కడినుంచి వచ్చింది, వస్తువు సంఖ్య, అన్నీ. చాలామంది వెళ్లి, ‘పేపర్ ఆర్ట్’ అని కొట్టి, పొంతన లేని లక్ష ఫలితాలు చూసి వెనక్కి వచ్చేస్తారు. లోపం గనిది కాదు, గునపానిది. మ్యూజియంలో వెతకాల్సింది వస్తువు పేరుతో కాదు, పని పేరుతో.

మొదట చెప్పిన కాగితం చుట్టల పెట్టెనే తీసుకోండి. ఇవాళ దీన్ని అందరూ క్విల్లింగ్ అంటారు. మ్యూజియం రికార్డుల్లో ఇది ఎక్కువగా ‘రోల్డ్ పేపర్ వర్క్’, ‘పేపర్ ఫిలిగ్రీ’ అన్న పేర్లతో ఉంటుంది. పోనీ దగ్గరగా ఉంది కదా అని ‘క్విల్‌వర్క్’ అని కొట్టారా, ముళ్లపంది ముళ్లకు రంగులద్ది తోలు మీద కుట్టిన ఉత్తర అమెరికా మూలవాసుల పని వచ్చి పడుతుంది. అదీ అద్భుతమే, కానీ మీరు అడిగింది అది కాదు. సరైన మాట పడితే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 18వ శతాబ్దం చివరి నాటి టీ డబ్బాలు బయటికొస్తాయి. సన్నని కాగితం పట్టీలను చుట్టి, చుట్టను పడుకోబెట్టకుండా అంచు పైకి వచ్చేలా చెక్క మీద నిలబెట్టి అంటించారు. కొన్నిటిలో పట్టీ అంచుకు బంగారు పూత ఉండటం వల్ల దూరం నుంచి చూస్తే బంగారు తీగతో చేసిన నగలా కనబడుతుంది. ‘ఫిలిగ్రీ’ అన్న పేరు ఎందుకొచ్చిందో ఫొటోను పెద్దది చేసి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

సరైన మాట ఎలా పట్టాలంటే గెట్టీ సంస్థ నడిపే ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ థిసారస్ ఉంది. ఉచితం. కళకూ కట్టడాలకూ సంబంధించిన పారిభాషిక పదాల చెట్టు అది. మీకు తెలిసిన మామూలు మాట కొడితే దాని అర్థం, మారు పేర్లు, పై కొమ్మ, కింది కొమ్మలు చూపిస్తుంది. మారు పేర్లన్నీ రాసుకుని ఒక్కొక్కటే మ్యూజియంలో కొట్టి చూడాలి, ఎందుకంటే ఒక్కో మ్యూజియం ఒక్కో పేరుకు అలవాటు పడి ఉంటుంది. వింత పనితనం వెతికేవారికి మొదలుపెట్టడానికి కొన్ని మాటలు: మార్కెట్రీ (పల్చటి చెక్క పొరలను బొమ్మగా కోసి పైన అతకడం), పియెత్రా దురా (రంగురాళ్లను సందు కనబడకుండా పొదగడం), రిపూసె (రేకును వెనకనుంచి కొట్టి ముందువైపు బొమ్మ ఉబ్బేలా చేయడం), స్కాలియోలా (జిప్సం, జిగురు, రంగు కలిపి పాలరాయిని తలదన్నేలా మెరుగుపెట్టడం), ఆటోమటన్ (కీ ఇస్తే కదిలే బొమ్మ). ఈ ఐదు మాటలతో ఒక మధ్యాహ్నం హాయిగా గడిచిపోతుంది.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ సైటులో ‘మెటీరియల్స్ అండ్ టెక్నిక్స్’ అన్న గడి బంగారం. పదార్థం, పని రెండూ ఒకే వాక్యంలో రాసి ఉంటాయి. ఆ వాక్యంలోని మాటను తీసుకుని మళ్లీ వెతికితే అదే పద్ధతిలో చేసిన తోబుట్టువులన్నీ వస్తాయి. చేతిపని వరకు ఏ మ్యూజియం సైటూ దీనికి సాటి రాదు. లోటు ఏమిటంటే, ఇక్కడి ఫొటోలను వ్యాపారానికి వాడాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి.

బ్రిటిష్ మ్యూజియం 2020 ఏప్రిల్‌లో తన సేకరణ సైటును కొత్తగా తెచ్చింది. దాదాపు 45 లక్షల వస్తువుల వివరాలు, 19 లక్షల ఫొటోలు అప్పుడే అందుబాటులో ఉన్నాయి. పదార్థం, పద్ధతి, తయారైన చోటు అని విడివిడి వడపోతలున్నాయి. ఇక్కడ తప్పక చూడాల్సింది మేరీ డిలేనీ చేసిన కాగితపు పూలు. 1700లో పుట్టిన ఆమె ఈ పని మొదలుపెట్టింది 1772లో. వయసు లెక్క మీరే వేసుకోండి. రంగు కాగితాన్ని చిన్నచిన్న ముక్కలుగా కత్తిరించి, నల్ల రంగు పూసిన కాగితం మీద పొరలు పొరలుగా అంటించి, నిజం మొక్కేమో అనిపించేలా 985 చేసింది. మామూలు సైజులో చూస్తే చక్కని నీటిరంగుల బొమ్మ, అంతే. పెద్దది చేసి రేక అంచు దగ్గర ఆగండి. వెలుగు పడిన చోట వెంట్రుకవాసి పట్టీ ఒకటి, దాని కింద ముదురు రంగు పట్టీ ఇంకొకటి, నీడ కోసం వేరొకటి. కుంచెతో గీసిందనుకున్న గీత కత్తెర గీత. ఇలాంటిది పంచుకునేటప్పుడు మొత్తం బొమ్మ ఒకటి, ఆ రేక అంచు ఒకటి కలిపి రెండు పెట్టాల్సిందే. ఒక్కటే పెడితే చూసేవారికి విషయం అందదు. బ్రిటిష్ మ్యూజియం తన ఫొటోలను ఎక్కువగా ఇచ్చే లైసెన్సు క్రియేటివ్ కామన్స్ (సీసీ) వారి సీసీ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0. పేరు చెప్పాలి, వ్యాపారం కూడదు, మార్చి పంచితే మీరూ అదే లైసెన్సుతో పంచాలి.

స్వేచ్ఛ కావాలంటే న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం. 2017 ఫిబ్రవరి 7న 3,75,000కు పైగా ఫొటోలను సీసీ జీరో కింద వదిలేసింది. అంటే అడగక్కర్లేదు, మార్చుకోవచ్చు, వ్యాపారానికీ వాడొచ్చు. వెతికేటప్పుడు ‘ఓపెన్ యాక్సెస్’ గడిలో టిక్కు పెట్టడం మరవొద్దు, లేకపోతే ఊరించి దించుకోనివ్వని ఫొటోలు మధ్యమధ్య వస్తాయి. ముఖ్యంగా 20వ శతాబ్దపు పనులకు హక్కులు ఇంకా బతికే ఉంటాయి.

కొలతల గడి విలువ తెలియాలంటే అక్కడ జపాన్ చిత్రకారుడు హొకుసాయి పెద్ద అల బొమ్మ తెరవండి. గోడలంత ఎత్తున అచ్చేసి చూపించే ఆ అల అసలు కొలత 25.7 బై 37.9 సెంటీమీటర్లు. ఏ3 కాగితం కంటే చిన్నది. 1830ల మొదట్లో చెక్క దిమ్మెలతో అచ్చువేసిన బొమ్మ కాబట్టి ప్రతులు ఎన్నో ఉన్నాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగో దగ్గరే మూడున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి శీర్షిక రాసిన పెట్టె చుట్టూ గీతలు చూడండి. తొలి అచ్చుల్లో గీత నిండుగా ఉంటుంది. దిమ్మె అరిగేకొద్దీ గీతలో తెంపులు పడతాయి. ఆకాశంలో ఉన్న లేత గులాబి రంగు చాలా ప్రతుల్లో వెలిసిపోయింది. పింటరెస్ట్‌లో ఈ బొమ్మ ఎన్ని వేలసార్లు కనబడినా ఇది ఏ ప్రతి అని ఎక్కడా ఉండదు. రంగు పెంచినదో, వెలిసినదో, ఇటీవల మళ్లీ చెక్కినదో కూడా తెలియదు.

పక్కపక్కన పెట్టడానికి ఉపాయం ఐఐఐఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి. చికాగో, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లాంటివి దీన్ని పాటిస్తాయి. వస్తువు పేజీలో దొరికే ‘మానిఫెస్ట్’ (ఆ వస్తువు ఫొటోల వివరాలున్న ఫైలు) లింకును మిరాడోర్ అనే ఉచిత వీక్షణిలో పెడితే వేర్వేరు మ్యూజియంల బొమ్మలు ఒకే తెర మీద, విడివిడిగా పెద్దవి చేసుకునేలా తెరుచుకుంటాయి. ఇంకో చిట్కా ఫొటో చిరునామాలోనే ఉంది. చికాగో ఫొటోల చిరునామా చివర్లో ‘ఫుల్’ అన్న మాట, తర్వాత 843, పక్కన కామా కనబడతాయి. 843 అంటే వెడల్పు పిక్సెళ్లలో, కామా అంటే ఎత్తు దానంతటదే చూసుకోమని. దాన్ని 400 చేస్తే చిన్న ఫొటో వస్తుంది. కామా పొరపాటున చెరిపేస్తే తప్పు సందేశం వస్తుంది, అందరూ బోల్తా పడేది అక్కడే.

ఇక మిగతావి గబగబా. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2022 జనవరిలో, రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ను 71,700 కోట్ల పిక్సెళ్లతో పెట్టింది. 8,439 ఫొటోలను కుట్టి చేసిన బొమ్మ అది, ఒక పిక్సెల్‌కూ మరోదానికీ దూరం 5 మైక్రోమీటర్లు. రంగు పొరల పగుళ్లు చూడొచ్చు. నెట్ నెమ్మదిగా ఉంటే మాత్రం తెర ముందు కూర్చుని నిట్టూర్చడమే. అమెరికాలోని మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల బొమ్మలతో తలుపులు తెరిచింది. అక్కడి ప్రత్యేకత త్రీడీ నమూనాలు, వస్తువును తిప్పి అడుగు కూడా చూడొచ్చు. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ 2011లో 17 మ్యూజియంలతో మొదలైంది. చూడ్డానికి హాయి, దగ్గరగా జరిపి చూపించే తీరు అన్నిటికంటే సాఫీ. దించుకోవడానికి మాత్రం కుదరదు, హక్కులు ఆయా మ్యూజియంలవే. నచ్చినది అక్కడ చూసి, పేరు పట్టుకుని అసలు మ్యూజియం సైటుకు వెళ్లడమే దాని సరైన వాడకం.

మ్యూజియం సైట్లన్నిటికీ ఉమ్మడి లోపాలూ ఉన్నాయి. వెతుకులాట యంత్రాలు పాతకాలపువి. స్పెల్లింగులో ఒక్క అక్షరం తప్పినా సున్నా. రికార్డు ఉండి ఫొటో లేనివి బోలెడు. చేసినవారి పేరు చోట ‘అన్‌నోన్’ అని ఉన్నవి చేతిపనుల్లోనే ఎక్కువ. అది నిజాయితీ గల జవాబే. ఊహించి పేరు తగిలించిన పిన్ కంటే నయం.

ఊరూపేరూ లేని ఫొటో చేతిలో ఉంటే

ముందు టిన్‌ఐ అనే సైటు. 2008 నుంచి ఉంది. అదే ఫొటో ఇంకెక్కడెక్కడ ఉందో వెతుకుతుంది, పోలిన ఫొటోలు కాదు. ఫలితాలను ‘ఓల్డెస్ట్’ వరుసలో పెట్టుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అక్కడ కనబడే తేదీ టిన్‌ఐ ఆ ఫొటోను మొదటిసారి చూసిన రోజు, పెట్టిన రోజు కాదు. కాబట్టి మొదటి ఫలితమే అసలు యజమాని అని తీర్పు చెప్పేయొద్దు. ఆ తర్వాత ‘బిగ్గెస్ట్ ఇమేజ్’ వరుస. ఎత్తుకొచ్చినవాళ్లు మామూలుగా ఫొటోను కుదిస్తారు, అంచులు కత్తిరిస్తారు. పెద్ద సైజులో, కత్తిరింపు లేకుండా ఉన్నది అసలుకు దగ్గర. ఏమీ దొరక్కపోతే ఫొటోను అద్దంలో చూసినట్టు అటూఇటూ తిప్పి మళ్లీ ఇవ్వండి. దొరక్కుండా తిప్పి పెట్టే బాపతు ఉన్నారు.

అదీ కాకపోతే గూగుల్ లెన్స్. ఇది పోలినవాటిని ముందు చూపిస్తుంది, అందులోనూ అమ్మకానికున్న నకళ్లు పైన తేలతాయి. సరిగ్గా అదే ఫొటో ఉన్న పేజీల కోసం ‘ఎగ్జాక్ట్ మ్యాచెస్’ లోకి వెళ్లాలి. సంతకమో ముద్రో ఉంటే ఆ మూల మాత్రమే కత్తిరించి ఇవ్వండి, అక్షరాలు చదివి పెడుతుంది.

ఇది చేతిదా, యంత్రం కలగన్నదా

ఏఐ బొమ్మలను వేళ్లు లెక్కపెట్టి పట్టే రోజులు పోయాయి. పని తెలిసినవారు పట్టేది పని తర్కంతోనే. నేత అయితే ఒక్క పేక పోగు పట్టుకుని కంటితో వెంట నడవండి. పడుగు మీదుగా, కిందుగా, మళ్లీ మీదుగా, ఆ లెక్క నడవాలి. యంత్రం కలగన్న నేతలో పోగు కిందికి దూరి మళ్లీ పైకి రాదు, లేదా రెండు పోగులు కరిగి ఒకటైపోతాయి. బుట్ట అయినా ఇదే పరీక్ష. ఊలు అల్లికలో కుట్లు నిలువు వరసల్లో నడుస్తాయి. వరసలు పెరగాలంటే పెంచిన చోటు కనబడాలి, ఊరికే మధ్యలో కొత్త వరస పుట్టదు. చెక్క అయితే ఇంకా తేలిక. దుంగ కోసిన కొసన వలయాలుంటాయి, పక్క ముఖం మీద చారలుంటాయి. మూల దగ్గర ఈ రెండూ కలిసి తీరాలి. వలయాలు ఒక దిక్కున, చారలు ఇంకో దిక్కున ఉంటే అది అతికించిన పొర అయినా అవ్వాలి, అబద్ధమైనా అవ్వాలి.

ఖాతా కూడా చూడండి. నెలల తరబడి పట్టే పనులు రోజుకొకటి పెడుతున్నారా? సగంలో ఉన్న పని ఫొటో ఒక్కటైనా ఉందా? చేసేవారు పదార్థం పేరు, కొలత చెప్పకుండా ఉండలేరు, అది వారి గర్వం. రెండూ లేని చోట అనుమానం న్యాయమే.

పంచుకునే ముందు ఫైలు సంగతి

మ్యూజియం ఇచ్చే పెద్ద టిఫ్ ఫైలును అలాగే ఎక్కిస్తే రంగులు చప్పబడ్డాయని చాలామంది ఫిర్యాదు. కారణం ఇది. అలాంటి ఫైళ్లు చాలావరకు అడోబీ ఆర్జీబీ లాంటి విశాలమైన రంగుల కొలమానంలో ఉంటాయి. ఎక్కించేటప్పుడు ఆ కొలమానం చీటీ ఊడిపోతే, బ్రౌజరు దాన్ని ఎస్ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే, ఇంతకంటే ఇరుకైన కొలమానం) అనుకుని చదువుతుంది, ఎరుపులు, ఆకుపచ్చలు పాలిపోతాయి. అందుకని ముందే ఎస్ఆర్‌జీబీలోకి మార్చండి. ‘కన్వర్ట్’ నొక్కాలి, ‘అసైన్’ కాదు. అసైన్ నొక్కితే చీటీ మారుతుంది గానీ అంకెలు మారవు, అదే పాలిపోయిన రంగు మళ్లీ వస్తుంది. తర్వాత పొడవైన వైపు 2,048 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్ నాణ్యత 80, 85 మధ్య పెట్టి దాచండి. సన్నని నేత, గీతల పని ఉన్న ఫొటోలకు మాత్రం 90 వాడండి, లేకపోతే గీతల పక్కన మచ్చలు పడతాయి.

కత్తిరించేటప్పుడు సంతకం, వస్తువు అంచు పోకూడదు. చతురస్రంలో ఇరికించడం కోసం పొడవాటి తెరచీర బొమ్మను నరకడం కంటే, మొత్తం ఒకటి, దగ్గరగా రెండు అని మూడు ఫొటోలు పెట్టడం మేలు. చూపులేనివారి కోసం రాసే వివరణలో ‘అందమైన పెట్టె’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘మూత మీద నిలబెట్టి అంటించిన కాగితం చుట్టలు, అంచుల్లో బంగారు మెరుపు’ అని రాయండి.

బతికున్నవారి పని అయితే దించి ఎక్కించడం కాదు, వారి పోస్టునే ముందుకు పంపండి. ఎక్కించక తప్పదంటే అడిగి చేయండి. వస్తువు చేసినవారు, ఫొటో తీసినవారు వేర్వేరు మనుషులు కావచ్చు, ఇద్దరి పేర్లూ ఉండాలి.

ఒక్కో అవసరానికి ఒక్కటే బుక్‌మార్క్ చేసుకుంటామంటే, చేతిపని కోసం విక్టోరియా అండ్ ఆల్బర్ట్, తీసుకుని వాడుకోవడానికి మెట్రోపాలిటన్. పింటరెస్ట్ ఆకారం పట్టుకోవడానికి మాత్రమే, బిహాన్స్ బతికున్న చేతుల కోసం. పేరు వరుస రాసేటప్పుడు చేసినవారు, శీర్షిక, కాలం, పదార్థం, కొలత, మ్యూజియం, లైసెన్సు అన్నీ రాసి చివర వస్తువు సంఖ్య తప్పకుండా చేర్చండి. మ్యూజియంలు సైటు మార్చినప్పుడల్లా లింకులు చచ్చిపోతాయి. సంఖ్య మారడం అరుదు. మెట్రోపాలిటన్ అల బొమ్మల్లో ఒకదాని సంఖ్య జేపీ1847. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ ఒక్క ముక్క వెతుకులాట గడిలో కొడితే చాలు, నేరుగా ఆ ప్రతి దగ్గరికే తీసుకెళ్తుంది.